శ్రీ ఛార్జి గారి సముఖమునకు

అయ్యా,

మొన్న మధ్యాహ్నమంతా మా మండల కార్యాలయం వరండాలో మీ దర్శనానికే కాచుకున్నాను. కావలసింది ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద ఒక్క సంతకం. తహసీల్దారు గారికి బదిలీ అయింది, కొత్తవారు రాలేదు, పక్క మండలం ఆయనే ఇన్‌ఛార్జి అన్నారు. ఎప్పుడొస్తారని అడిగితే అటెండరు ఫ్యాను వంక చూశాడు.

మీ అవతారాలు మాకు కొత్త కావు. లాటిన్‌లో బండి అనే మాట మీ పుట్టిల్లట, బండికి బరువెత్తడం మీ తొలి అర్థమట. ఎద్దులెవరో వేరే చెప్పాలా? కరెంటు బిల్లులో ఎనర్జీ, ఫిక్స్‌డ్, కస్టమర్ అని మూడు వేషాలు: వాడినందుకు ఒకటి, వాడకపోయినా ఒకటి, మీటరు పెట్టించుకున్న పాపానికి ఒకటి. ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు ట్రూఅప్ అనే సర్దుబాటు వేషం. బ్యాంకువారు ఎస్సెమ్మెస్ ఛార్జి కోసి, కోసిన సంగతి ఎస్సెమ్మెస్‌లోనే పంపుతారు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీలు తగ్గించమంటూ వెళ్లినవారికి హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో లాఠీఛార్జి ఎదురైంది, ఆపైన తూటాలు. ఆ విషయంలో మీతో పరాచికాలాడలేను.

మిగతావన్నీ భరించాను. ఇన్‌ఛార్జి అవతారాన్ని మాత్రం సహించలేను. పేరులో ‘ఇన్’ పెట్టుకుని లోపల లేకపోవడమేమిటండీ? ఇక్కడ అడిగితే అక్కడున్నారంటారు. అక్కడికి ఫోను చేస్తే ఇప్పుడే ఇటు బయలుదేరారంటారు. మళ్లీ చేద్దామంటే నా ఫోనులో కూడా మీరు లేరు! ఉత్తర్వులో మీ బిరుదు ‘పూర్తి అదనపు బాధ్యతలు’. అదనంగా వచ్చినది పూర్తి ఎలా అవుతుంది? సొంత మండలం దస్త్రాలతోనే ఊపిరాడని ఆ పెద్దమనిషిని అనడానికి నోరు రాదు. పోస్టు ఖాళీగా ఉంచి, ఒక్క జీతంతో రెండు కుర్చీలు నడిపిస్తున్నామని మురిసిపోయే పైవారిని అనాలి. కుర్చీ నడుస్తున్నదని ఎవరు చెప్పారు? దాని మీద దుమ్ము నేను చూశాను.

మా అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంటు గడువు శుక్రవారం. గడువుకు ఇన్‌ఛార్జి ఉండడు, బదిలీ ఉండదు, చెప్పిన రోజుకు వచ్చి కూర్చుంటుంది. రేపు పదిన్నరకు మళ్లీ వస్తున్నాను. మీరొచ్చినా రాకపోయినా నాకు అనవసరం. సంతకం పెట్టే మనిషిని పంపండి.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారుడు