చింతపిక్కల లెక్క

(ఆదివారం ఉదయం. డైనింగ్ టేబుల్ మీద నలభై ప్రింటు కాగితాలు, కొత్త పెన్సిళ్ళ డబ్బా. కుర్చీలో చిన్ని, వయసు నాలుగేళ్ళ రెండు నెలలు. పక్కన తండ్రి శ్రీను. వంటింటి గుమ్మంలో శ్రీను వాళ్ళమ్మ. అంగన్‌వాడీ టీచరుగా రిటైరైంది. ఉద్యోగానికే, మాటలకి కాదు.)

శ్రీను: అమ్మా, నువ్వు కాసేపు లోపలికి వెళ్ళవే. నువ్వు చూస్తుంటే చిన్ని రాయట్లేదు.

అమ్మ: నేను చూడకపోయినా రాయదు. దాని కాళ్ళు చూడు.

శ్రీను: కాళ్ళతో రాయదుగా!

అమ్మ: కాళ్ళ దగ్గరే మొదలురా. పాదాలు గాల్లో వేళ్ళాడుతున్నాయి. జారిపోకుండా కూచోడానికే దాని ఓపికంతా అయిపోతోంది. టేబులేమో గడ్డం దాకా ఉంది, భుజం పైకెత్తితే గానీ చెయ్యి ఆనదు. కింద కూచోబెట్టి ఎదురుగా పీట వెయ్యి. కుర్చీయే కావాలంటే కాళ్ళ కింద ఏదైనా ఎత్తు పెట్టు.

శ్రీను: (పీట తెచ్చి) వేశాను. తల్లీ, ఇప్పుడు అ రాయి. చుక్కలు కలుపు... ఆ, ఆ... చూశావా అమ్మా, ఎంత బాగా కలిపిందో!

అమ్మ: ఎక్కణ్ణుంచి మొదలెట్టింది?

శ్రీను: చివర్నుంచి. అయితేనేం, అ వచ్చిందిగా.

అమ్మ: వచ్చింది అ కాదు, చుక్కల ముగ్గు. ఒక్కో చుక్క దగ్గరా ఆగుతోంది, పెన్సిలెత్తుతోంది, తరవాతి చుక్క ఎక్కడుందో వెతుక్కుంటోంది. చెయ్యి తిరగట్లేదు. చుక్కల్లేకుండా రాయమను, తెల్లమొహం వేస్తుంది.

శ్రీను: నలభై పేజీలు ప్రింటు తీయించానే!

అమ్మ: వెనకవైపు ఖాళీయేగా. బొమ్మలేసుకుంటుంది.

శ్రీను: పెన్సిలైనా సరిగ్గా పట్టుకోమను. సాంబారు గరిటె పట్టుకున్నట్టు పిడికిలి బిగించేస్తోంది. యాభైసార్లు చెప్పాను.

అమ్మ: చెబితే వచ్చేది కాదది. పొడుగు పెన్సిలిస్తే ఏ పిల్లైనా పిడికిలే బిగిస్తుంది. పలక తీసి, బలపాన్ని నీ చిటికెనవేలి కణుపంత ముక్క విరిచివ్వు. అంత ముక్క పిడికిట్లో ఇమడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే వచ్చి పట్టుకుంటాయి.

శ్రీను: కొత్త బలపం విరవాలా? నేను విరగ్గొడితే వీపు విమానం మోత మోగించావు!

అమ్మ: అప్పటికి నాకు ట్రైనింగ్ అవలేదు.

శ్రీను: నా వీపుకి ఎంత దురదృష్టం!

అమ్మ: పలక కూడా ఆ ప్లాస్టిక్‌ది వద్దు, దాని మీద బలపం జారుతుంది. జారేకొద్దీ గట్టిగా నొక్కి విరగ్గొడుతుంది. రాతిపలకైతే కాస్త పట్టి లాగుతుంది, గీత ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది.

శ్రీను: సరే, రాతిపలక మీదే అ, ఆ, ఇ, ఈ...

అమ్మ: మళ్ళీ అ!

శ్రీను: అ తో కాకపోతే ఱ తో మొదలెట్టమంటావా?

అమ్మ: ర తో. సున్న చుట్టడం వస్తే ర వచ్చేసినట్టే, నెత్తిన తలకట్టు పెట్టడమే మిగిలింది. అ లో ఎన్ని మెలికలున్నాయో నువ్వే గీసి చూడు. ర తరవాత గ, ద, వ, ల. ఈ అయిదూ వస్తే గద, వల, వరద చదివేస్తుంది. నీ అచ్చులన్నీ నేర్చినా, వాటితో ఒక్క మాట కూర్చు చూద్దాం.

శ్రీను: ఎందుకు లేదూ... అ... ఇ... ఆ!

అమ్మ: ఆ?

శ్రీను: ఆ. అది మాటేగా. ఈ కూడా మాటే.

అమ్మ: అవి పట్టుకుని కథలు చదువుకోమను! తెలుగులో అచ్చు అక్షరంగా కనపడేది దాదాపు మాట మొదట్లోనే. తక్కినచోట్ల గుణింతమై హల్లుకి అంటుకుంటుంది. అందుకని కొన్ని హల్లులు ముందొస్తే చదవడం తొందరగా అందుతుంది. అచ్చులు నోటికి రానీ, పాడనీ, కాదన్నదెవరు! రాతకి మాత్రం ర. ఇంకోటి, వ నేర్పిన వారంలోనే ప, మ తేకు. మూడూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, కలగాపులగమైపోతుంది. ఒకటి కుదురుకున్నాక రెండోది. ద వచ్చింది కదా అని ధ, థ మీద పడకు, వాటికి చాలా టైముంది.

శ్రీను: వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ అమ్మా! ఇంటర్వ్యూలో అ నుంచి ఱ దాకా రాయమంటారట.

అమ్మ: ఎల్‌కేజీకి ఇంటర్వ్యూ ఏవిట్రా, కలెక్టరు ఉద్యోగమా? 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా మొత్తం పునాది దశే అన్నారు. ఒకటో తరగతికే ఆరేళ్ళు నిండాలి. నువ్వు పునాది తియ్యకుండానే పిట్టగోడకి రంగులేస్తున్నావు.

శ్రీను: అయితే ఆన్‌లైన్‌లో గరుకు అక్షరాల సెట్టుంది, మాంటిసోరిది. తెప్పించేదా?

అమ్మ: ఆ మాంటిసోరి అనే ఇటలీ డాక్టరమ్మ 1907లో రోములో బడి పెట్టింది బీదవాళ్ళ పేటలోరా, సెట్లు కొనుక్కునే ఇళ్ళల్లో కాదు. 1939లో మన మద్రాసు అడయారుకొచ్చి మనవాళ్ళకీ నేర్పింది. హార్డ్‌వేర్ షాపులో 120 నంబరు ఉప్పుకాగితం తెచ్చుకో. 60 నంబరు తెచ్చావంటే పిల్ల వేలు గీరుకుపోతుంది. గీత నీ వేలంత వెడల్పుండేట్టు కత్తిరించి అట్టకి అంటించు. చూపుడువేలు, మధ్యవేలు కలిపి దాని మీద నడిపిస్తూ "ర" అని పైకి అనమను. వేలు, కన్ను, చెవి మూడూ ఒకేసారి నేర్చుకుంటాయి.

శ్రీను: అబ్బే, అది నేను పోయిన నెలే చేశాను. గ తిరగబడి వచ్చింది.

అమ్మ: వెనకవైపు మామూలుగా గీసి కత్తిరించుంటావు. వెనక గీసేటప్పుడు అద్దంలో కనపడ్డట్టు గీయాలి. ఏం చేశావు దాన్ని?

శ్రీను: కిటికీ తలుపు రుద్దడానికి వాడేశాను.

అమ్మ: అలాంటి పనులకి మాత్రం బుర్ర బాగా పనిచేస్తుంది. ఈలోగా చపాతీపిండి ముద్దివ్వు, నొక్కుతుంది, పాములు చేస్తుంది. బట్టల క్లిప్పులు తాడుకి పెట్టించు. వేళ్ళకి బలం రాకుండా రాతేవిటి? పిండి రోజూ పారేయడమెందుకనుకుంటే, రెండు కప్పుల మైదాకి కప్పు ఉప్పు, చెంచా నూనె వేసి, ముప్పావు కప్పు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. నీళ్ళన్నీ ఒక్కసారే పోస్తే చేతులకంటుకుని ఊడిరాదు. ఉప్పు తగ్గిస్తే తొందరగా బూజు పడుతుంది. తిననివ్వకు, ఉప్పుకషాయమది.

శ్రీను: అన్నీ నాకే చెబుతావు. నిన్న చూశాను, చిలుక బొమ్మ పెట్టి "ఇదేంటి?" అని నువ్వే అడిగి, "చి... చి... చిలు..." అని నువ్వే అందిస్తున్నావు. దానికి "క" ఒక్కటే మిగిల్చావు!

అమ్మ: ...అందించానా?

శ్రీను: అయిదుసార్లు.

అమ్మ: సరే, ఒప్పుకుంటా, తప్పే. ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోవాలి. నోరు ఊరుకోదు. అయినా చి-లు-క అని మూడు చప్పట్లు కొట్టించాను, అది చూళ్ళేదా?

శ్రీను: చూశాను, అది బాగానే ఉంది. ఇంక లెక్కలంటావా, మా చిన్నికి వంద దాకా వచ్చు. ఆ విషయంలో నువ్వేం మాట్లాడకు.

అమ్మ: (గిన్నెలోంచి చింతపిక్కలు పీట మీద పోస్తూ) వందా వరసగా చెప్పడం పాటరా, లెక్క కాదు. ఇవి లెక్కపెట్టించు. మూడేళ్ళలోపు పిల్లల దగ్గరికి ఇవి రానివ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. దీని దగ్గరైనా మనం ఎదురుగా ఉన్నంతసేపే.

శ్రీను: (వేలు గాల్లో ఆడిస్తూ గబగబా) ఒకటిరెండుమూడు... పది! చూడు నాన్నా, పది. నువ్వు చెప్పు.

అమ్మ: అలా కాదు. దాని వేలు పట్టుకుని ఒక్కో పిక్క మీదా పెట్టించు. అంకె చెప్పగానే ఆ పిక్క పక్కకి జరపాలి. జరపకపోతే ఒకటి వదిలేస్తుంది, లేదా ఒకదాన్నే రెండుసార్లు చెబుతుంది. అంతా అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడుగు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలెడితే, ఆఖరి అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట.

చిన్ని: (ఒక్కోటీ జరిపి) తొమ్మిది.

శ్రీను: కాదమ్మా, పది. నాన్న చెప్పాడుగా.

చిన్ని: తొమ్మిదీ!

శ్రీను: మొండి. అచ్చం నీలాగే. పొద్దున్నా ఇంతే, పొట్టి గ్లాసులో పాలు పొడుగు గ్లాసులోకి వంచితే ఎక్కువయ్యాయంది. అవే పాలని అరగంట చెప్పాను.

అమ్మ: పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన ఇలాంటివే పిల్లల మీద ఎన్నిసార్లు పరీక్షించాడో! ఆరేడేళ్ళు వస్తే గానీ ఆ సంగతి అందదు. అరగంట వాదించేబదులు మళ్ళీ పొట్టి గ్లాసులోకే వంచి, "తగ్గించాను" అని తాగించకపోయావా?

శ్రీను: అది మోసం కదే!

అమ్మ: తాగిందా, లేదా?

శ్రీను: లేదు. (పిక్కలు డబ్బాలో ఒక్కోటీ వేస్తూ) ఏడు... ఎనిమిది... తొమ్మిది... పదోదేదీ? అమ్మా! పదోది లేదు! చిన్నీ, ముక్కు చూపించు!

అమ్మ: ముక్కులో వేలు పెట్టకు! పిన్నీసు అసలు పెట్టకు. కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ముక్కులో ఏదైనా ఉంటే డాక్టరే తియ్యాలి.

శ్రీను: బండి తాళాలెక్కడ? చెప్పులెక్కడ?

అమ్మ: కూచోరా. నేనిచ్చిందే తొమ్మిది.

శ్రీను: నేను పది లెక్కపెట్టాను!

అమ్మ: నువ్వు పది పాడావు. చిన్నీ, ఇలా రామ్మా. నాన్న వేలు పట్టుకుని ఒక్కో పిక్క మీదా పెట్టించు. తొందరపెట్టకు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.