షూటింగ్ 22 రోజులే, కానీ మూడేళ్లు పడుతుంది

మొన్న నా డాక్యుమెంటరీ కోసం ఒక ఫండింగ్ మీటింగ్‌కి వెళ్లాను. ఎదురుగా కూర్చున్నాయన నా బడ్జెట్ కాగితాలు తిరగేసి, ఒక లైన్ దగ్గర పెన్ను ఆపి, "షూటింగ్ 22 రోజులే అని రాశారు, ప్రాజెక్టేమో మూడేళ్లంటున్నారు. మిగతా రోజులన్నీ ఏం చేస్తారండీ?" అని అడిగాడు. అందులో వెటకారం ఏమీ లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఎదురుచూస్తామండీ. మిగతా రోజులన్నీ అదే పని. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అక్కడ అనలేకపోయాను, షెడ్యూల్ అనీ ప్రయాణాలనీ ఏదో సర్దిచెప్పి బయటపడ్డాను. రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

నేను తీసేవి చేత్తో చీజ్ చేసేవాళ్ల మీద, సొంత తోటలో పండిన ద్రాక్షతో ఏడాదికి కొన్ని వేల సీసాల వైన్ మాత్రమే చేసే చిన్న కుటుంబాల మీద డాక్యుమెంటరీలు. వెనకాల స్టూడియో ఉండదు, ఏ చానెలూ ముందే కొనదు. ఈ పనిలో దిగిన ఎవరికైనా మొదటి ఏడాదే తెలిసొచ్చేది ఏంటంటే, క్యాలెండర్ మన చేతిలో ఉండదు. ద్రాక్ష కోత ఏడాదికి ఒక్కసారే. ఉత్తరార్ధగోళంలో అయితే చాలాచోట్ల ఆగస్టుకీ అక్టోబరుకీ మధ్య, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ మధ్య, అది కూడా పండు తీపీ పులుపూ చూసుకుని, మబ్బు చూసుకుని, "రేపు పొద్దున్నే మొదలుపెడుతున్నాం" అని ముందు రోజు రాత్రి చెప్తారు. గ్రాంట్ డబ్బు కోత అయిపోయిన నెలకి చేతికొచ్చిందనుకోండి, ఒక ఏడాది పోయినట్టే. డబ్బు ఇచ్చేవాళ్ల ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగిసినా డిసెంబర్‌లో ముగిసినా ద్రాక్షకేం పట్టింది?

చీజ్ కూడా అంతే. ఇటలీలో చేసే గట్టి చీజ్‌కి పార్మిజానో రెజ్జానో అన్న పేరు దక్కాలంటే కనీసం 12 నెలలు మాగాలి. అప్పుడొచ్చి పరీక్షించే మనిషి చిన్న సుత్తితో దిమ్మ చుట్టూ తట్టుకుంటూ, లోపల ఎక్కడైనా బోలుగా ఉందా, పగులు ఉందా అని చెవితో విని చెప్తాడు. ఆ సుత్తి దెబ్బ సినిమాలో పది సెకన్లు ఉంటుందేమో. అదే దిమ్మని పాల దశ నుంచి చూపించాలంటే ఆ పది సెకన్ల కోసం ఏడాది ఆగాలి. ఇటలీలోనే మోదెనాలో ద్రాక్షరసంతో సంప్రదాయ పద్ధతిలో చేసే బాల్సమిక్ వెనిగర్ పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంటుంది, ఎక్స్‌ట్రావెక్యో, అంటే బాగా పాతది, అనిపించుకోవాలంటే 25 ఏళ్లు. ఒక తరం వేసింది తర్వాతి తరం తీసి సీసాల్లో పోస్తుంది. దాని మీద సినిమాని ఆరు నెలల్లో ముగించి రిపోర్ట్ పంపమంటే ఎలా?

ఆ 22 రోజుల్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్ చూసేవాళ్లలో చాలామంది ఆ గదుల్లో ఒక్కసారి కూడా నిలబడి ఉండరు.

నా మొదటి సినిమాలో చీజ్ చేసే ఒకావిడ ఉన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు వేడెక్కుతున్నాయి, గది నిండా ఆవిరి. మేం బయట చలిలోంచి కెమెరా పట్టుకుని తిన్నగా లోపలికి వెళ్లిపోయాం. లెన్స్ మీద పొగమంచు పట్టినట్టు తేమ పట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆవిడ రెన్నెట్ (పాలని గడ్డకట్టించే పదార్థం) వేసిన పాలలోకి మోచేతి దాకా చెయ్యి దింపి, గడ్డకట్టిన పాలని వేళ్ల మధ్య మెల్లగా విరిచి, కళ్లు మూసుకుని చూశారు. కళ్లు మూసుకుని చూడటం అని ఎందుకు అంటున్నానంటే నిజంగా అదే చేశారు, వేళ్లతో చూశారు. మాకు తెల్లటి మసక తప్ప ఏమీ దొరకలేదు. "ఇంకొక్కసారి చెయ్యి పెడతారా?" అని అడిగాను. ఆవిడ తల కూడా తిప్పకుండా "పాలు ఆగవు" అన్నారు. అంతే, కోసే తీగలు అందుకున్నారు.

మర్నాడు మళ్లీ వెళ్లాం, ఈసారి గంట ముందే కెమెరా తీసుకెళ్లి ఆ గది వేడికి అలవాటు చేశాం. కానీ ఆ రోజు పాలు ఇంకోలా ఉన్నాయి, తొందరగా తోడుకున్నాయి, ఆవిడ కళ్లు మూసుకోలేదు. ఆ దృశ్యం నాకు మళ్లీ దొరికింది పద్నాలుగు నెలల తర్వాత. బడ్జెట్‌లో దాన్ని ఏ లైన్ కింద రాయాలి చెప్పండి?

వైన్ పులిసే గదిది ఇంకో కథ. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది గాలికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి కింద పేరుకుంటుంది. వాసన రాదు, కంటికి కనపడదు. అందమైన లో-యాంగిల్ షాట్ కోసం నేల మీద కూర్చునేది ఎవరు? కెమెరామ్యాన్. నిలబడ్డవాళ్లకి ఏం తెలియకముందే కూర్చున్నవాడికి తల తిరుగుతుంది, సెల్లార్లలో, అంటే వైన్ ఉంచే నేలమాళిగల్లో, దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మేం చిన్న గ్యాస్ మీటర్ ఒకటి అద్దెకి రాసుకున్నాం. ఒక సంస్థ ఆ లైన్ కొట్టేసి "అనవసర ఖర్చు" అని పక్కన రాసింది. డ్రోన్ లైన్ మాత్రం అలాగే ఉంచింది. కోపం రాదా మరి?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇలాంటి సినిమాలకి డబ్బు దొరకదు అంటారు. అదీ నిజమే, కానీ అంతకంటే పెద్ద సమస్య, దొరికే డబ్బు తప్పు చోటు నుంచి, తప్పు సమయానికి వస్తుంది. అన్నిటికంటే తేలిగ్గా దొరికేది ఎవరిదో తెలుసా? మనం సినిమా తీస్తున్నవాళ్లదే. లేదంటే వాళ్ల సరుకు అమ్మిపెట్టే కంపెనీది. "ఖర్చు మేం చూసుకుంటాం, మీరు మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి" అంటారు, చాలాసార్లు మంచి మనసుతోనే అంటారు. ఆ డబ్బు ముట్టుకోవద్దు అని కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడికీ కుర్రదానికీ చెప్తుంటాను. ప్రకటన తీయడం తప్పేం కాదు, అది కూడా పనే, కానీ దానికి ప్రకటన అని పేరు పెట్టాలి. ఫ్రాన్స్‌లో అయితే 1991 నాటి ఎవాన్ చట్టం ప్రకారం టీవీలోనూ సినిమా హాళ్లలోనూ మద్యం ప్రకటనలే కుదరవు. వైన్ కంపెనీ డబ్బుతో తీసింది ఎంతవరకు సినిమా, ఎక్కడి నుంచి ప్రకటన అని అక్కడ లాయర్ని కూర్చోబెట్టి అడగాల్సిందే.

నాకు జరిగింది చెప్తాను. రెండో సినిమా మధ్యలో డబ్బు అయిపోయింది. ఒక దిగుమతి కంపెనీ ముందుకొచ్చింది, సగం డబ్బు ఇచ్చింది కూడా. ఆ ఏడాది మేం తీస్తున్న కుటుంబంలో ఒక ట్యాంకు పాడైంది, వైన్ వెనిగర్ వైపు తిరిగిపోయింది. ఆ ఇంటి పెద్దాయన గ్లాసులో కొంచెం పట్టుకుని వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా కొడుక్కి అందించాడు. కొడుకు కూడా వాసన చూసి గ్లాసు కింద పెట్టాడు. ఇద్దరూ చాలాసేపు ఆ ట్యాంకు వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పెద్దాయన మా వైపు తిరిగి "తీసుకోండి, ఇది కూడా ఈ పనిలో భాగమే" అన్నాడు. సినిమా మొత్తంలో నాకు అంతకంటే విలువైన నిమిషం లేదు. కంపెనీవాళ్లు రఫ్ కట్, అంటే ఇంకా పూర్తికాని మొదటి ఎడిట్, చూసి మొదట అడిగింది ఆ నిమిషం తీసెయ్యమనే. ఆయనకి లేని భయం వాళ్లకెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డబ్బు తిరిగిచ్చేశాం. ఆ తర్వాత పదకొండు నెలలు వేరేవాళ్ల పెళ్లి వీడియోలు, కార్పొరేట్ వీడియోలు ఎడిట్ చేసుకుంటూ రాత్రిళ్లు మా సినిమా ఎడిట్ చేశాం. నిర్ణయం గురించి ఒక్కరోజు కూడా బాధపడలేదు, ఆ పదకొండు నెలల గురించి మాత్రం బాధ ఉంది, ఎందుకంటే ఆ కుటుంబం ప్రతి నెలా ఫోన్ చేసి "ఎప్పుడు చూపిస్తారు?" అని అడిగేది.

క్రౌడ్‌ఫండింగ్, అంటే జనం దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేయడం, చేసుకోవచ్చుగా అంటారు. చేశాం. దానికోసం ఉన్న కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్ 2009లో మొదలైనప్పటి నుంచి పద్ధతి ఒకటే, పెట్టుకున్న లక్ష్యం మొత్తం చేరితేనే డబ్బు వస్తుంది, ఒక్క రూపాయి తగ్గినా ఏమీ రాదు. వచ్చినదాంట్లో వాళ్ల ఫీజు 5 శాతం, కార్డు చెల్లింపుల ఖర్చు దాని మీద వేరే. నెల రోజులు ఇరవై నాలుగు గంటలూ ఫోన్ చేతిలో పట్టుకుని అందరినీ అడగడం, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. బహుమతిగా వైన్ సీసా పంపిస్తామని తేలిగ్గా అనేయడానికీ లేదు, దేశం దాటించాలంటే లైసెన్సులు, సుంకాలు, వయసు రుజువులు. అయినా నాకు అన్నిట్లో నచ్చింది ఈ దారే. చిన్న మొత్తాలు ఇచ్చిన వందల మందిలో ఒక్కరు కూడా "ఆ సీన్ తీసెయ్" అనలేదు. కాకపోతే అలా వచ్చే డబ్బు దాదాపు ఎప్పుడూ షూటింగ్‌తోనే అయిపోతుంది. చేతులూ పాలూ ద్రాక్షా కనిపిస్తాయి కాబట్టి జనం దానికి ఇస్తారు. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, కలర్, సబ్‌టైటిల్స్, చానెల్ వాళ్లు అడిగే ఇన్సూరెన్స్ ఎవరి కంటికి కనిపిస్తాయి?

ఒక్క చిన్న ఉదాహరణ. సెల్లార్‌లో పని చేస్తూ రేడియో పెట్టుకుంటారు. వెనకాల పాట వినిపిస్తే రెండు హక్కులు కొనాలి, పాట రాసినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్‌ది ఒకటి. కట్టేయమని అడిగితే కట్టేస్తారు, కానీ వాళ్ల చేతి వేగం మారిపోతుంది, నేను చూశాను. రోజూ ఆ పాటల మధ్య పీపాలు కడిగే మనిషి నిశ్శబ్దంలో కెమెరా కోసం కడుగుతున్నట్టు అయిపోతాడు. ఉంచుకోవాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బుకి ఏ గ్రాంట్‌లోనూ గడి లేదు.

ఆగి చూస్తే ఏమొస్తుందో తెలియాలంటే 'హనీల్యాండ్' ఒక్కటి చాలు. ఉత్తర మాసిడోనియాలో తేనె తీసే ఒకావిడ మీద 2019లో వచ్చిన సినిమా. మొదట అనుకున్నది ప్రకృతి సంరక్షణ పథకం కింద ఒక చిన్న వీడియో. తీసినవాళ్లు అక్కడే మూడేళ్లు తిరిగారు, 400 గంటలకు పైగా ఫుటేజ్ పోగైంది, అందులోంచి గంటన్నర లోపు సినిమా తీశారు. తేనెలో సగం నాకు, సగం తేనెటీగలకి అన్న ఆవిడ పద్ధతి చూపించడం మొదటి నెలలో కూడా కుదిరి ఉండేది. ఆ పద్ధతి పట్టని పొరుగు కుటుంబం వచ్చి చేరడం, దాని ఫలితం మొత్తం కళ్ల ముందు జరగడం మాత్రం అక్కడ ఉన్నవాళ్లకే దొరుకుతుంది. ఆస్కార్‌కి డాక్యుమెంటరీ విభాగంలోనూ, అంతర్జాతీయ చిత్రం విభాగంలోనూ ఒకేసారి నామినేట్ అయింది, అంతకు ముందు ఏ సినిమాకీ అలా జరగలేదు. "చిన్న వీడియో అన్నారుగా, పదిహేను నిమిషాలు ఇచ్చేసి వెళ్లండి" అని మొదట్లోనే ఎవరైనా పట్టుబట్టి ఉంటే?

ఇంకో మాట, దీని మీద మాలో మాకే గొడవలు ఉన్నాయి. సినిమాలో కనిపించేవాళ్లకి డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే నిజం పాడైపోతుంది అనే పాతకాలపు నియమం ఒకటి నడుస్తోంది. వార్తలకైతే నేనూ ఒప్పుకుంటాను. కానీ కోత రోజుల్లో మనం వెళ్లి ఒక మనిషిని గంటసేపు ఆపితే ఆ గంట ఆయనకి పంట. మైకు పెట్టించుకోవడానికి, లైటు జరపడానికి, మళ్లీ మళ్లీ అదే ప్రశ్నకి జవాబు చెప్పడానికి పోయే సమయానికి కూలీ కట్టివ్వాలి, మాటలకి కాదు, సమయానికి, అదీ ముందే కాగితం మీద రాసుకుని. కెమెరామ్యాన్‌కి జీతం, డ్రైవర్‌కి జీతం, మధ్యలో ఎవరి బతుకు చూపించి మనం పేరు తెచ్చుకుంటున్నామో ఆ మనిషికి మాత్రం ఒక థ్యాంక్స్ కార్డు! ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

ఫండ్స్ ఇచ్చే సంస్థల్లో పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి ఆలోచించండి. ఇచ్చేది పెంచమని అడగడం లేదు. అదే మొత్తాన్ని ఒకేసారి ఇచ్చి ఆరు నెలల్లో లెక్క అడిగే బదులు మూడేళ్లకి విడగొట్టి ఇవ్వండి, మొదటి వాయిదా కోతకి ముందు చేతికొచ్చేలా చూడండి. ట్రైలర్ చూపిస్తేనే డబ్బు అంటారు, ట్రైలర్ తీయడానికి ఒక కోత కావాలి, ఆ కోతకి వెళ్లడానికి డబ్బు కావాలి, ఈ ముడి విప్పగలిగింది మీరే. ట్రైలర్ బదులు ఆ కుటుంబంతో మేం ఎన్నాళ్లు తిరిగామో అడగండి. మీలో ఒకరు మాతో వచ్చి ఒక్క తెల్లవారుజాము ఆ గదిలో నిలబడండి.

చూసేవాళ్లకి కూడా ఒకటి చెప్పాలి. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 2011 నుంచి తిండి మీద తీసిన సినిమాలకి ప్రత్యేకంగా ఒక విభాగం నడుస్తోంది, సినిమా తర్వాత దానికి తగ్గ భోజనం కూడా పెడతారు. అలాంటివి పెద్ద ఊళ్లకే, పెద్ద పండగలకే ఎందుకు ఉండాలి? యాభై కుర్చీలు, ఒక తెర, సినిమాలో కనిపించిన మనిషి చేసిందే ఒక ముక్క రుచి చూపించడం, టికెట్ డబ్బు సగం వాళ్లకి సగం మాకు. మేం అలా ఎనిమిది చోట్ల వేశాం. చీజ్ చేసే ఆవిడ ఒక చోటికి వచ్చారు, మొదటిసారి పెద్ద తెర మీద తన చేతులు చూసుకుని పక్కన కూర్చున్న నా భుజం గట్టిగా పట్టుకున్నారు, సినిమా అయ్యేదాకా వదల్లేదు.

ఇది రాస్తుండగానే వైన్ చేసే ఆ కుటుంబం నుంచి మెసేజ్ వచ్చింది. వాన పడకపోతే గురువారం కోత. మీటింగ్ పెట్టినవాళ్ల నుంచి ఇంకా ఏ కబురూ లేదు. ఒక కెమెరా, ఒక మైకు, గ్యాస్ మీటర్ సర్దుకున్నాను, బుధవారం రాత్రి బస్సుకి వెళ్తున్నాను.