క్రియాటినిన్ గారూ, మీకో దండం

మహారాజశ్రీ సీరం క్రియాటినిన్ గారికి,

నర్సంపేట నుంచి మా చెల్లె తరఫున రాస్తున్నాను. కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన రక్తంలోని చెత్త తమరు; కిడ్నీ చెడితే తమరి అంకె పెరగాలి. తమరు క్షేమమని రక్త పరీక్ష రిపోర్టులోనే చూశాం. 0.9. నార్మల్.

చెల్లెకు ల్యూపస్. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు సొంత కణాల మీదే పడ్డాయి. ఆ గొడవలో పుట్టిన ముద్దలు కిడ్నీల జల్లెడలో ఇరుక్కుంటే అది వాచి, ప్రొటీన్ మూత్రంలోకి కారిపోయింది. మూత్రం నిండా నురగ. పొద్దున కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్లకు పట్టీలు బిగుసుకునేవి. ఇంట్లో తలా ఓ కారణం చెప్పారు: ఎండలో మిరపకాయ ఏరింది, తొక్కు ఎక్కువ తిన్నది, నిద్ర లేదు. కీళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ పెయిన్‌కిల్లర్లు ఇచ్చాడు. అసలే వాచిన కిడ్నీకి అదో బహుమతి. ఆపైన తమరి అంకె చూసి "కిడ్నీలు మంచిగున్నయ్, టెన్షన్ పడకుండ్రి" అన్నాడు.

తమరి ఓపికకు జోహార్లు. వడపోత దాదాపు సగం పడిపోయేదాకా చాలాసార్లు తమరు నార్మల్ గీత దాటరు. మిగిలిన నెఫ్రాన్లు, అంటే కిడ్నీలోని చిన్న చిన్న వడపోత యూనిట్లు, రెట్టింపు చాకిరీ చేస్తుంటే పేరు మాత్రం తమరిది. పైగా తమరు పుట్టేది కండల్లోంచి. కండ తక్కువున్న సన్నటి ఆడపిల్లల్లో ఇంకా బుద్ధిమంతుల్లా కనిపిస్తారు. ల్యూపస్ ఎక్కువగా పట్టేదీ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లనే. ఏం జోడీ కుదిరింది!

నిజం చెప్పింది మూత్ర పరీక్ష. తమరి ముందు అదెంత, చిల్లర పైసల పరీక్ష! డబ్బా పట్టుకుని నలుగురిలో నడవాలంటే చెల్లెకు సిగ్గు. అందులో ప్రొటీన్ మూడు ప్లస్సులు వచ్చాకే వరంగల్‌లో పెద్ద డాక్టరు బయాప్సీ, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, అన్నారు. క్లాస్ ఫోర్ అని తేలింది. మా అమ్మ పాసైందనుకుంది పాపం. ల్యూపస్ కిడ్నీని పట్టిన తీరుకు క్లాసులు ఆరు. నాలుగంటే సగానికి పైగా జల్లెడలు దెబ్బతిన్నట్టు. ఆరులో వాపు ఉండదు, దాదాపు అన్నీ మచ్చలే. ఆ మచ్చల్ని ఏ మందూ మాన్పదు. ఇంత జరిగినా తమరు 0.9 దగ్గరే కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

ఇప్పుడు స్టెరాయిడ్లు, ఒంటి రక్షణ వ్యవస్థ దూకుడు తగ్గించే మైకోఫెనోలేట్, 2020లో కరోనాకని జనం ఎగబడి కొన్న ఆ హైడ్రాక్సీక్లోరోక్విన్ నడుస్తున్నాయి. ఉప్పు తగ్గించాం. తొక్కు జాడీ అటకెక్కింది.

ఇకపై చెకప్‌కు ఇద్దరినీ పిలుస్తాం. ముందు డబ్బా మాట వింటాం. తమరు తీరిగ్గానే రండి.

ఇట్లు,
పేషెంటు అన్న