మిషిని ఖరాబైందట!

ఓరుగల్లు నగరంలో అబద్ధాలాడే వస్తువొకటి ఇంటింటా చేరిందని తెలిసి మనసు కలత చెందింది. దాని పేరు గ్లూకోమీటర్, ఇంట్లోనే షుగర్ చూసుకునే మిషిని. హంటర్ రోడ్డు నుంచి కాజీపేట దాకా ఎవరినడిగినా ఒకటే ఫిర్యాదు: "మిషిని ఖరాబైంది." ఎప్పుడు? 250 చూపినప్పుడు. మర్నాడు 118 చూపితే దానంతటదే బాగైపోతుంది.

హనుమకొండలో మాకు కావలసిన ఒక పెద్దమనిషి ఇంట్లో ఈ పరీక్ష ఎట్లా జరుగుతుందో చెప్తాను. కొడుకు డాలస్ నుంచి పంపిన మిషిని బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ఆదివారం పొద్దుగాల దాన్ని బయటికి తీస్తారు. టీవీ బంద్. సారు కుర్చీలో కూర్చుంటారు. కోడలు నోటుబుక్కు పట్టుకుని, మనవడు సూది బిగించి, ఇల్లాలు దూది పట్టుకుని నిలబడతారు. "ఎవ్వలు సప్పుడు చెయ్యకుండ్రి" అని ఆజ్ఞ వెలువడుతుంది.

పరగడుపు పరీక్షే. కాకపోతే మేడారం నుంచి బంగారం వచ్చింది కాబట్టి ఓ ముక్క నోట్లో వేసుకున్నారు. తల్లుల ప్రసాదానికి షుగర్ పెంచేంత సాహసం ఉంటుందా? ఆ బెల్లం అంటిన వేలునే ముందుకు చాచారు. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలనీ, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలనీ మిషిని డబ్బాలోని కాయితంలో ఉంది. ఆ కాయితం సకినాల డబ్బా అడుగున ఉంది.

286.

"మామా, చేతులు కడుక్కోండ్రి, మళ్ల జూద్దాం" అన్న కోడలి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. విచారణ మొదలైంది, సారు మీద కాదు, మిషిని మీద. మనవడి వేలు గుచ్చారు, 94. "సూశిన్రా? పిలగానికి మంచిగనే సూపిస్తది, నా మీదనే పగ!" అప్పుడే ఇడ్లీ తిని లేచిన అల్లుడి వేలు గుచ్చారు, 131. అందరికీ అదే సూది! ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్-బి అంటుకోవచ్చు. ఇంట్లోవాళ్లమే కదా అని అది ఊరుకోదు.

చివరికి వచ్చిన అంకెల్లో ముచ్చటైనదాన్ని, అంటే మనవడి 94ను, తాత పేరు మీద నోటుబుక్కులో రాయించారు. డాక్టరుకు చూపే నోటుబుక్కు అది. 140 దాటిన అంకెకు అందులో ప్రవేశం లేదు. అంత కట్టుదిట్టం చేసినా హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష రెండు మూడు నెలల బాగోతం బయటపెట్టింది. 9 వచ్చింది, అంటే సరాసరి షుగర్ 212 దరిదాపు. "ల్యాబు గూడ ఖరాబే" అని తీర్పు చెప్పారు సారు.

మిషిని తప్పు చూపదని నేననను. 100 దాటిన రీడింగు అసలుకు 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. రక్తపు చుక్క అంటించే స్ట్రిప్పులు గడువు తీరినవైతే, మూత తెరిచి వదిలేసిన స్ట్రిప్పులు ఇంకా తప్పు చూపుతాయి. ఏ లెక్కన చూసినా 286 మాత్రం 94 కాదు.

ఆ ఆదివారం 94 రాయించాక కూడా అనుమానం తీరక ఇల్లాలి వేలు కూడా గుచ్చారు. ఆమె కోసం కాదు, మిషిని కోసం. అంట్లు తోమి అప్పుడే వచ్చింది కాబట్టి ఆ గదిలో సబ్బుతో కడిగిన చేతులు ఆమెవే.

342.

అందరూ పకపకా నవ్వారు. "నేజెప్పలే, ఖరాబైందని!" కేసు కొట్టేశారు, మిషిని మళ్లీ పట్టుచీరల కిందికి పోయింది.

ఏం నవ్వులయ్యా అవి? ఆమె రాత్రిళ్లు లేచి లేచి చెంబులకొద్దీ నీళ్లు తాగుతోంది. అరికాళ్ల మంటలకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆయనకు వేడివేడి పుల్కాలు కాల్చి పెట్టి, పారేయబుద్ధి కాక రాత్రన్నం తను తింటోంది. ఇన్ని లక్షణాలున్న మనిషికి 200 దాటితేనే దవాఖానకు పరుగెత్తాలి. 342 చూసి నవ్వుతారా? ఐదారు సెకన్ల పని, ఇంకో స్ట్రిప్పు పెట్టి చూడటానికి చేతులు రాలేదా? 30 దాటినవాళ్లకు సర్కారు దవాఖానలో పైసా లేకుండా చూస్తారు. ఆశ వర్కర్ గడప దాకా వస్తే "మా సారుకు మిషిని ఉన్నది" అని తిప్పి పంపిన ఇల్లు ఇది! రేపు బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ చెప్పుల్లేకుండా ఆడుతుంటే గాజుపెంకు దిగినా ఆ తిమ్మిరి కాలికి తెలియకపోవచ్చు. పుండు ముదిరి, ఎంజీఎం దవాఖానలో కాలి వేలు తీసెయ్యాలన్ననాడు ఏది ఖరాబైందని చెప్తారు?

ఉండబట్టలేక, అమ్మకు ఇంకోసారి చూడండని అడిగాను. సారు నన్ను జాలిగా చూశారు.

"ఆమెకేమైతది, గట్టి మనిషి. ఉన్నయే నాలుగు స్ట్రిప్పులు. వచ్చే ఐతారం నాకొద్దా?"