మైలేజ్ పడిపోతే తప్పంతా ఎథనాల్‌దేనా?

"27 వస్తదన్నరు, 19 దాటుతలేదు. అంతా ఈ ఎథనాల్ పెట్రోల్ వల్లనే." హన్మకొండలో హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు మోటార్, బ్యాటరీ ఉన్న) బండి ఉన్నోళ్లు నలుగురు కలిస్తే ఇదే మాట. కోపం న్యాయమైనదే, లెక్క మాత్రం తప్పు. తప్పు లెక్క పట్టుకొని అడిగితే అవతలివాడు తేలిగ్గా తప్పించుకుంటాడు.

లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో మూడింట రెండొంతులే. అందుకే 20 శాతం కలిపితే (ఈ20), ఏమీ కలపని పెట్రోల్ కంటే 6-7 శాతం శక్తి తగ్గుతుంది. కానీ 2022 నాటికే మనకు 10 శాతం కలిపిన పెట్రోల్ (ఈ10) వచ్చేది. ఈ10 నుంచి ఈ20కి మారినందుకు పడేది 3-4 శాతం. అంటే 27 ఇచ్చే బండి 26 ఇస్తుంది. 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ కూడా ఈ10కి తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లకు తగ్గేది 1-2 శాతమే అని రాసింది. మిగతా ఏడు కిలోమీటర్లు ఎటు పోయాయో వేరే చోట వెతకాలి.

అట్లని పెట్రోల్ కంపెనీలను వదిలేయమని కాదు. లీటరు 107 రూపాయలనుకుంటే అందులో 6 శాతం అంటే ఆరు రూపాయల పైమాటే. అంత శక్తి తక్కువ పోసి రేటు అదే తీసుకోవడం అన్యాయం. ఎథనాల్ తయారయ్యే మక్కలకు, నూకలకు గిరాకీ పెరిగి రైతుకు నాలుగు రూపాయలు వస్తే సంతోషమే, ఆ భారం చెప్పకుండా బండి ఉన్నోడి మీద వేయొద్దు. ప్రతి నాజిల్ మీద ఎథనాల్ శాతం పెద్దక్షరాలతో రాయాలి. పాత బండ్లకు ఈ10 నాజిల్ ఒకటి ఉంచాలి.

ఇక రోడ్డు. అసలు నష్టం ఎక్కువ ఇక్కడే. హైబ్రిడ్ మైలేజ్ అంతా బ్రేకులో తిరిగి పట్టుకునే శక్తి మీద, ఇంజిన్ ఆగి ఉండే సమయం మీద నిలబడింది. మెల్లగా బ్రేక్ నొక్కితే మోటార్ జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది. గట్టిగా నొక్కితే మోటార్ పట్టగలిగినంతే పట్టి, మిగిలిందంతా బ్రేక్ ప్యాడ్లలో వేడిగా పోతుంది. పరకాల, భూపాలపల్లి దారిలో బొగ్గు లారీల వెనక పోతూ గుంత దగ్గరికొచ్చాక బ్రేక్ వేస్తే జరిగేది ఇదే. చక్రం గుంతలో ఎగిరి జారితే చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ అందుకుంటుంది, ఆ క్షణంలో రీజెన్ (బ్రేకులో శక్తి తిరిగి పట్టుకోవడం) కూడా ఆగిపోతుంది. పైగా కంకర తేలిన రోడ్డు మీద ప్రతి కుదుపూ షాక్ అబ్సార్బర్లలో వేడిగా పోయే పెట్రోలే. స్పీడ్ బ్రేకర్ కనబడగానే 60-70 మీటర్ల ముందే కాలు తీసి, మీటర్లో ముల్లు ఛార్జ్ భాగం చివరికి కొట్టకుండా అందులోనే ఉండేలా బ్రేక్ నొక్కండి. తేడా మీకే కనబడుతుంది.

జనగామ మీదుగా హైదరాబాద్ రోడ్డు బాగుంది కదా, అక్కడెందుకు రాదంటారు. బ్రేక్ లేని చోట తిరిగి పట్టుకునేదేమీ ఉండదు. 80 నుంచి 110కి పోతే గాలి అడ్డు దాదాపు రెండింతలవుతుంది. 80-85 దగ్గర నిలకడగా పోండి. నిర్మల్ ఘాట్ దిగేటప్పుడు ఇంకో సంగతి: హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. నిండాక ఇక ఛార్జ్ తీసుకోదు. అప్పుడు గేర్ లివర్ 'బీ'లో వేసి ఇంజిన్ బ్రేకింగ్ వాడాలి, ప్యాడ్లు కాల్చుకోవద్దు.

ఇంటి నుంచి చౌరస్తా దాకా రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే హైబ్రిడ్‌కు లాభం లేదు. చల్లటి ఇంజిన్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కే దాకా ఇంజిన్ నడవాల్సిందే. రెండు మూడు పనులు కలిపి ఒకేసారి పోండి. ఎండాకాలం రామగుండం వైపు 45 డిగ్రీలు కొడితే ఏసీ కంప్రెసర్ బ్యాటరీని పీల్చేస్తుంది, సిగ్నల్ దగ్గర నిలబడ్డా ఇంజిన్ లేస్తుంది. నీడలో పెట్టండి, ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించండి. బ్యాటరీకి గాలి పోయే జాలీ ఎక్కడుందో మాన్యువల్లో చూసి దుమ్ము తీయించండి. దానికి అడ్డంగా సంచులు పెట్టొద్దు.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత. 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం వేడి టైరును కొలిచి గాలి తీసేయొద్దు. గట్టి గుంతలో పడ్డాక అలైన్‌మెంట్ చూపించండి, టో (చక్రాలు నేరుగా ముందుకు చూసే కోణం) తప్పితే టైరు రోడ్డును రాసుకుంటూ పోతుంది. 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్ పోయాల్సిన ఇంజిన్‌లో "చిక్కటిది మంచిది సార్" అని 20డబ్ల్యూ-50 పోస్తే ఒప్పుకోవద్దు.

అనుమానం తీరాలంటే ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ మామూలు కంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువో తక్కువో పోసుకుంటుందో చెప్పే అంకె) చూడండి. ఈ20కి ట్యూన్ కాని బండిలో నాలుగైదు శాతం ప్లస్ ఉంటే అది ఎథనాల్ లెక్కే. పది దాటితే ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికో, ఎక్కడో గాలి లీకో ఉండొచ్చు. వానాకాలం పెట్రోల్ పోయించుకున్న వెంటనే బండి జర్క్ కొడితే బంకు ట్యాంకులో నీళ్లు దిగి ఉండొచ్చు. బిల్లు దాచండి, నీళ్లు తగిలితే రంగు మారే వాటర్ పేస్ట్‌తో ట్యాంకు చూపించమని నిలబడి అడగండి.

డ్యాష్‌బోర్డు అంకె నమ్మొద్దు. అదే బంకు, అదే నాజిల్, మొదటి క్లిక్ దగ్గర ఆపించి, మళ్లీ నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకుల సగటు తీయండి. ఈ మే నెల లెక్కను పోయిన డిసెంబర్‌తో కాదు, పోయిన మేతోనే పోల్చండి.