రేడియోలో ఆడవాళ్లంటే వంటలూ పిల్లల పాటలేనా?
తొలినాళ్ల రేడియోలో రాజకీయ ప్రసంగాలన్నీ మగవాళ్లవేనని, ఆడవాళ్లకి వంటలు, పిల్లల పాటలే మిగిలాయని మీ వ్యాసంలో రాశారు. సర్కారీ రేడియో వరకైతే చాలావరకు నిజమే కావచ్చు గానీ, ఉషా మెహతాని వదిలేస్తే ఎలాగండీ? 1942లో గాంధీగారినీ పెద్ద నాయకులందర్నీ జైల్లో పెట్టేశాక, పేపర్ల మీద సెన్సార్ ఉన్న రోజుల్లో, బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది 22 ఏళ్ల ఆ అమ్మాయే. ఆగస్టు 27న మొదలుపెట్టారు, 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద. పోలీసులు కనిపెట్టకుండా ఇళ్లు మారుస్తూ, ఇంగ్లీషులోనూ హిందుస్తానీలోనూ వార్తలు, ప్రసంగాలు. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా కూడా అందులో మాట్లాడారు. నవంబరు 12న పోలీసులు తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చేసరికి వందేమాతరం రికార్డు తిరుగుతోందట, ఆపమన్నా ఆపలేదట! పట్టించింది వాళ్ల టెక్నీషియనే, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగేళ్ల శిక్ష వేశారు, 1946లో విడుదలయ్యారు. తర్వాత బొంబాయి యూనివర్సిటీలో రాజకీయశాస్త్రం చెప్పారు.

ఇంకోటి, గాంధీగారు పోయిన రెండు రోజులకి, అంటే 1948 ఫిబ్రవరి 1న, ఆకాశవాణిలో మాట్లాడింది మన హైదరాబాద్ సరోజినీ నాయుడే. అప్పటికే ఆవిడ గవర్నరు. ఈ రెండు పేర్లూ వ్యాసంలో చేర్చండి సార్.