మహారాజశ్రీ విజిబిలిటీ గారి సముఖానికి

విషయం: నీళ్లలో ఎంత దూరం కనపడుతుందో తేల్చే తమరు ఆదివారాల్లో గైర్హాజరు కావడం గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నంలో, రుషికొండకీ మంగమారిపేటకీ మధ్య ఆదివారాల్లో మునిగి తేలే ఒక చిన్న స్కూబా క్లబ్బుకి కార్యదర్శిని. కార్యదర్శిని ఎన్నుకున్న రోజు నేను మీటింగుకి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఈ పదవి ఇంకెవరికైనా దక్కేది. తమరికి ఉత్తరం రాయాలని తీర్మానించిన రోజు మాత్రం అక్కడే ఉన్నాను గానీ, కార్యదర్శి ఉండగా ఇంకొకరు రాయడం బాగోదన్నారు.

మా దగ్గర లేనిదంటూ లేదు, తమరు తప్ప. సిలిండర్లున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడే ఒక్కోటి పద్నాలుగు కిలోల పైచిలుకు. వాటిని నింపడానికి కంప్రెసర్ ఉంది. దాని ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో గోడ మీద రాసి పెట్టాం, ఆ గోడకి మొన్న సున్నం వేశారు. నడుముకి కట్టుకునే సీసం బరువులున్నాయి. ఎవరి బరువులు ఎవరు పట్టుకుపోయారన్న తగాదా కూడా ఉంది. మా ఇంట్లో మాత్రం ఈ సరంజామాకంతటికీ ఒకటే పేరు: ఆక్సిజన్ సిలిండర్. అందులో ఉండేది మనం రోజూ పీల్చే మామూలు గాలేననీ, అచ్చమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటి దిగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందనీ ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ వినదు. "డబ్బులు కట్టి గాలి కొనుక్కుని, ఏమీ కనపడని చోటికి పోయి పీలుస్తావా నాయనా? అదేదో మన పెరట్లోనే పీల్చుకో" అంటుంది. ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. తమరే చెప్పాలి.

ఆఫీసు రోజుల్లో ఎనిమిదైనా లేవని మనుషులు ఆదివారం నాలుగున్నరకి లేచి వస్తారు. పడవ మీద సరంగు నీళ్ల వంక ఒక్కసారి చూస్తాడు. అరచేత్తో ఇన్ని నీళ్లు ఎత్తి మళ్లీ వదిలేస్తాడు. "కలక ఇంకా తేరనేదు బాబూ. ఇయాల దిగినా ఏటీ కనపడదు" అంటాడు. మేం చదువుకున్నవాళ్లం కదా, ఫోన్లో అలల ఎత్తు, గాలి వేగం చూసి, "పర్లేదన్నా, కింద బాగానే ఉంటుంది" అని ఆయనకి ధైర్యం చెప్తాం. ఆయన ఇంజిన్ తాడు లాగుతాడు. ఆయనకి పోయేదేముంది, డీజిల్ డబ్బులు ముందే తీసుకుంటాడు.

యాంకర్ తాడు పట్టుకుని దిగుతాం. మూడు మీటర్ల దగ్గర తాడు కనిపిస్తుంది. ఆరు మీటర్ల దగ్గర తాడు పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. పది మీటర్ల దగ్గర చెయ్యి ఉందన్న నమ్మకం ఉంటుంది.

డైవింగ్‌లో ఒంటరిగా తిరక్కూడదు, పక్కన బడ్డీ ఉండాలి. బడ్డీ తప్పిపోతే ఒక్క నిమిషం వెతికి, దొరక్కపోతే మెల్లగా పైకి రావాలి. మెల్లగా అంటే నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా. ఊపిరి బిగబట్టి గబుక్కున లేస్తే ఛాతీలో గాలి ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. మంచి నియమమే. కానీ తమరు రాని రోజున దీన్ని నిష్ఠగా పాటిస్తే ఏమవుతుందో చిత్తగించండి. దిగుతాం, తప్పిపోతాం, నిమిషం వెతుకుతాం, లేస్తాం. పైన కలుసుకుని "ఎక్కడికి పోయావ్?" "నేనెక్కడికి పోయాను, నువ్వే పోయావ్" అనుకుని మళ్లీ దిగుతాం. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, గాలి ఖర్చూ రెట్టింపు. ఇంత ఖర్చు పెట్టి వెతికింది ఏ పగడపు దిబ్బనో కాదు, పొద్దున మాతోపాటు బండెక్కి వచ్చిన మనిషినే. రెండోసారి కూడా తప్పిపోతే మాస్టారు ఇక దిగనివ్వరు, పడవెక్కమంటారు.

మాస్టారంటే మాకు నేర్పే ఆయన. నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకి తమరంటే బొత్తిగా లెక్కలేదు. హార్బరులో ఓడల అడుగున తడుముకుంటూ పని చేసిన చేతులవి. "కనపడితే ఎవడైనా చేస్తాడ్రా" అంటారు. చేతి స్పర్శతో మాట్లాడుకునే పద్ధతి మాకు నేర్పింది ఆయనే. జబ్బ ఒకసారి నొక్కితే బాగానే ఉన్నా అని, రెండుసార్లయితే ఆగు అని, మూడుసార్లయితే పైకి పోదాం అని. ఈ పద్ధతి వల్ల మా కోశాధికారి గారి సంసారం కూలబోయి కాస్తలో గట్టెక్కింది. ఆలుమగలిద్దరూ సభ్యులే. ఆవిడ తేలిగ్గా గుర్తుపడుతుందని ఆయన ఎర్ర సూటు, ఈదడానికి కాళ్లకి తొడుక్కునే ఎర్ర ఫిన్సు కొన్నాడు. నీళ్లలో అన్ని రంగులకన్నా ముందు మాయమయ్యేది ఎరుపేనని షాపువాడు చెప్పలేదు, వాడి వ్యాపారం వాడిది. కిందికి వెళ్లాక సూటు మట్టిరంగుకి తిరిగింది, ఆవిడ తప్పిపోయింది. ఆయన చేతికి అందిన చెయ్యి పట్టుకుని, ఒకసారి నొక్కుతూ, మళ్లీ ఒకసారి ప్రేమగా నొక్కుతూ, డైవ్ పూర్తి చేశాడు. పైకి తేలి చూస్తే అది మాస్టారి చెయ్యి. ఆవిడ ఎప్పుడో పడవెక్కి ఇడ్లీ తింటోంది. ఆలుమగల్ని బడ్డీలుగా వెయ్యకూడదని ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా తీర్మానం చేశాం. ఇద్దరూ ఓటేశారు.

తమరెందుకు రావట్లేదో తేల్చడానికి విచారణ సంఘం కూడా వేశాం. సంఘం ముందు గోదావరిని అనుమానించింది. తర్వాత కృష్ణనీ, మహానదినీ, చివరికి గంగా బ్రహ్మపుత్రల్నీ నిందితుల జాబితాలో చేర్చింది. ఉపఖండంలో సగం మట్టి కొట్టుకొచ్చి పడేది ఈ బంగాళాఖాతంలోనే కదా. వానాకాలమంతా ఆ ఒండ్రు, ఆ పైన అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. హుద్‌హుద్ చూసిన ఊరు మాది, తుపాను పేరెత్తితే క్లబ్బు తలుపులకి తాళం వేస్తాం. సరే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, అడుగు గీక్కుంటూ పోయే ట్రాల్ వలలుండవు, అప్పుడైనా దయచేస్తారని ఎదురుచూశాం. వేసవిలో ఈ తీరంలో అడుగునుండే చల్లటి నీరు పైకి పొంగుతుంది. దాంతోపాటు వచ్చే పోషకాలు తిని ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, విరగకాస్తుంది. ఇది ఆంధ్రా యూనివర్సిటీ సముద్ర శాస్త్రవేత్తలు 1950ల నుంచీ రాస్తున్న సంగతే. చేపలకి పండగ, చేపలు పట్టేవాళ్లకి పండగ. మాకు మాత్రం గోంగూర పులుసులో దూకినట్టు ఉంటుంది.

ఇక ఊరి సంగతి. హార్బరు దగ్గర పేరుకునే ఇసుక తవ్వి ఆర్కే బీచ్‌కి తోడి పోస్తుంటారు. కెరటాలు దాన్ని తీరిగ్గా తీసుకుపోతుంటాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మధ్యలో తమరు నలిగిపోతున్నారని మాకు తెలుసు. ఊళ్లోని గెడ్డల్ని, అంటే వాననీటి కాలవల్ని, కూడా పిలిచి అడగాలనుకున్నాం. ఒక వాన పడితే చాలు, అవే స్వయంగా వచ్చేశాయి, చెప్పులు, పాల ప్యాకెట్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ సాక్ష్యాలుగా పట్టుకుని. విచారణ సంఘం నివేదిక సిద్ధంగా ఉంది. నిందితుల్లో సగం మంది సభ్యుల వీధులవాళ్లే కావడంతో ఇంకా బయటపెట్టలేదు.

వినాయక నిమజ్జనం అయిన తర్వాతి ఆదివారం సంగతి తమరికి మనవి చెయ్యాలి. ఆ రోజు ఒడ్డుకి దగ్గర్లో అడుగు శుభ్రం చేసే కార్యక్రమం పెట్టుకున్నాం. లోతు ఏడు మీటర్లు కూడా లేదు. తమరు అర మీటరు దగ్గర ఆగిపోయారు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కత్తెర, వలలు తడుముకుంటూ పోవడమే. నైలాన్ వల కుళ్లదు. మనిషి వదిలేసినా అది తన పని మానదు, చేపల్నీ పీతల్నీ పడుతూనే ఉంటుంది. మాలో ఒక కుర్రాడు, బ్యాంకులో క్యాషియర్, ఉన్నట్టుండి బిగుసుకుపోయి నా జబ్బ రెండుసార్లు నొక్కాడు. అతని చేతికి ఏదో లావుగా, వంపు తిరిగినది తగిలింది. మొరే ఈల్ అనుకున్నాడట. రాతి సందుల్లో ఉండే పాములాంటి చేప అది, పళ్లు మహా పదును. నేను వెళ్లి వేళ్లతో తడిమాను. కదల్లేదు. గరుగ్గా ఉంది, గోటికి రంగు పెచ్చులూడుతోంది. ఇంకాస్త పక్కకి తడిమితే చేటంత చెవి. దాని పైన కిరీటం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వినాయకుడు పక్కకి ఒరిగి పడుకున్నాడు. ఒంటి నిండా వల చుట్టుకుంది, ఆ వలలో పొట్ట దగ్గర ఒక పీత గిలగిల్లాడుతోంది. వల కత్తిరించి పీతని వదిలేశాం. స్వామిని కదపడం మా వల్ల కాలేదు. పైకొచ్చాక క్యాషియర్ లెంపలేసుకున్నాడు, తొండం పట్టుకుని అంత బూతులు తిట్టినందుకు. "నోట్లో గాలి పీల్చే రెగ్యులేటర్ పెట్టుకుని తిట్టావు, ఆయనకేం అర్థమై ఉండదులే" అని మాస్టారు ఊరడించారు. మట్టి విగ్రహమైతే ఈపాటికి కరిగిపోయేది కదా అని మేమంతా అనుకుంటుంటే, "కరిగితే ఆ మట్టి కూడా విజిబిలిటీకి అడ్డమే" అని ఒక సభ్యుడు పాయింటు లాగాడు. అతన్ని క్రమశిక్షణ సంఘానికి అప్పగించాం.

ఇంత చేసినా తమరు మా వంక చూడరు. అండమాన్‌లో మాత్రం పిలవకపోయినా హాజరు. హావ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, మా వాళ్ల నోట మాత్రం ఇంకా హావ్‌లాకే. అక్కడికి వెళ్లొచ్చినవాళ్ల బాధ మాకు పడరానిది. చాలా డైవులు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి, ఆ ఖాళీలో కూర్చుని మాకు చెప్పాల్సిన కబుర్లన్నీ రిహార్సల్ వేసుకుని వస్తారు. "ముప్పై మీటర్లు! అద్దంలా! పడవలోంచే అడుగు కనపడుతోంది!" ఆ తర్వాత మూడు నెలలు రుషికొండ నీళ్లని ముక్కు మూసుకునే చూస్తారు. నీళ్లలో మాస్కు అద్దంలోంచి చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, అది భౌతికశాస్త్రం. అండమాన్ చేప విశాఖ చేరేసరికి ఇంకో మూడో వంతు పెరుగుతుంది, అది మా సభ్యత్వం.

కొత్త సభ్యులు వచ్చిన రోజునే ఘాజీ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతారు. 1971 డిసెంబరులో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ అది. మనం పోయి తొంగి చూసే చోటు కాదు బాబూ అని చెప్పి, వాళ్లని ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్తాం. 2002 నుంచీ ఒడ్డు మీదే ఉంది. టికెట్ కొంటే చాలు, లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే మా క్లబ్బు చరిత్రలో సబ్‌మెరైన్‌ని అంత స్పష్టంగా చూసిన రోజు ఇంకోటి లేదు.

చివరిగా లాగ్‌బుక్కుల విషయం. ప్రతి డైవ్ తర్వాతా లోతు, సమయం, తమరి వివరం రాయాలి. రెండు మీటర్లుంటే మూడు రాస్తాం. మూడుంటే ఐదు రాస్తాం. అందరం ఒకే డైవ్ చేసొచ్చినా ఏ ఇద్దరి పుస్తకాల్లోనూ తమరు ఒక్కలా ఉండరు. తమరి గైర్హాజరీని ఇలా ఇన్నేళ్లుగా కప్పిపుచ్చుతూ వస్తున్నాం. ఆడిట్ జరిగితే మా అందరి పరువూ పోతుంది, తమరిది మాత్రం భద్రం, ఎందుకంటే పుస్తకాల ప్రకారం తమరు ఎప్పుడూ ఫస్టు క్లాసే.

కాబట్టి కమిటీ తరఫున మా కోరికలివి. ముప్పై మీటర్లు అడగట్లేదు, అత్యాశ మాకు లేదు. కాళ్లు చాపుకుంటే ఫిన్సు కొసలు కనపడాలి. బడ్డీ మొహం కనపడితే ఇంకా మంచిది, కొందరి విషయంలో అక్కర్లేదు కూడా. ఆదివారం రావడం కుదరకపోతే శనివారం రాత్రి తొమ్మిదిలోగా కబురు పెట్టండి. ఇడ్లీల ఆర్డరు రద్దు చేసుకోవడానికి అదే ఆఖరి గడువు. వినాయకుడి దగ్గరికి ఈసారి బెలూన్ లాంటి లిఫ్ట్ బ్యాగులు తీసుకుని వెళ్తున్నాం. ఆ గంట సేపైనా తమరు వస్తే, ముడి ఎక్కడ వేస్తున్నామో చూసి వేస్తాం.

ఇట్లు,
తమరి దర్శనాభిలాషి,
క్లబ్ కార్యదర్శి

తా.క.: ఈ ఉత్తరం మాస్టారికి చూపించలేదు. చూపిస్తే, ఉత్తరాలు రాసే తీరిక ఉన్నవాడికి కంప్రెసర్ ఫిల్టర్ మార్చే తీరిక లేదా అంటారు.